మ్యూజిక్ చివర కె

ప్రెస్సులో ఆమెను అందరూ ఎర్రసిరా అక్క అంటారు. ప్రూఫులు దిద్దడం ఆమె పని. ఆమె కళ్లు దాటి తప్పు అచ్చుకు పోవడం కల్ల. అలాంటి మనిషి మొదటిరోజే బొక్కబోర్లా పడిందంటే ఇప్పుడెవరూ నమ్మరు.

చిన్నప్పుడు తండ్రి మంచాన పడడంతో ఆమె చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆయన పుస్తకాలు బైండు చేసేవాడు. ఎవరో బైండుకిచ్చి మళ్లీ అడగని ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇంట్లో పడి ఉండేది. అట్ట లేదు, మొదటి నలభై పేజీలూ లేవు. తండ్రికి మందు పట్టాక మంచం పక్కనే కూర్చుని, అందులోని మాటలు చూసి రాస్తూ ఇంగ్లీషు నేర్చుకుంది. అది తాతముత్తాతల నాటి పుస్తకమని ఆ పిల్లకేం తెలుసు?

పద్దెనిమిదో ఏట పని అడగడానికి ప్రెస్సుకు వెళ్లింది. యజమాని పది మాటలు చెప్పి రాయమన్నాడు. కాగితం చూసి పకపకా నవ్వాడు.

"మ్యూజిక్ చివర కె ఏంటమ్మా? టుడే మధ్యలో గీతెందుకు? పబ్లిక్‌కీ కె తగిలించావే! నువ్వు తప్పులు దిద్దడానికొచ్చావా, చెయ్యడానికొచ్చావా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పక్కగదిలో సీసపు అక్షరాలు పేరుస్తున్న కుర్ర కంపోజిటరు చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం అందుకున్నాడు.

"ఇవి తప్పులు కావండీ. పూర్వం ఇలాగే రాసేవాళ్లు. ఈ అమ్మాయి ఏదీ ఊహించి రాయలేదు, అన్నీ పాత పుస్తకంలో చూసి నేర్చుకున్నవే. కొత్తవి నేర్పితే చాలు."

"నేర్పేదెవరు, నువ్వా?"

"నేనే," అన్నాడు. అనేసి చెవులదాకా ఎర్రబడ్డాడు.

యజమాని సరేనని ఆమెను పనిలో పెట్టుకున్నాడు. కంపోజిటరు రోజూ భోజనాల వేళ నేర్పాడు. పాతవి వదల్లేక ఆమె గింజుకునేది.

"నా పాత పుస్తకంలోలా షోలో ఓ బదులు ఇ ఉంటే ఎంత బాగుండేదో!"

"బాగుండేదే. పాపం, దాని ఉద్యోగం పోయింది. నీది నిలబెట్టుకోవాలిగా!"

మూడు నెలల్లో స్పెల్లింగులు కుదిరాయి. ఏడాది తిరిగేసరికి వాళ్లిద్దరికీ పెళ్లి కుదిరింది.

సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లొచ్చాయి. ఆ మధ్య గ్రంథాలయం వాళ్లు పాత ఇంగ్లీషు ఉత్తరాల కట్ట ఒకటి పుస్తకంగా వేయమని పంపారు. రెండువందల ఏళ్ల కిందట ఒక తల్లి కూతురికి రాసినవి. కంప్యూటరు తనంతట తానే పాత మాటలన్నిటినీ కొత్తగా మార్చేసింది. ప్రూఫు చూసి అక్క ఉలిక్కిపడింది.

"ఎవరు చూడొచ్చారక్కా, వదిలేద్దురూ," అన్నాడు ప్రెస్సు చూసుకుంటున్న యజమాని కొడుకు.

"ఆ తల్లి తన కూతురికి తనకొచ్చినట్టు రాసుకుంది బాబూ. మధ్యలో నేనెవర్ని దిద్దడానికి?"

తొమ్మిది రోజులు పట్టింది. భర్త పక్కన కూర్చుని అసలు ఉత్తరాలు అక్షరం అక్షరం చదివాడు, ఆమె ప్రూఫు సరిచేసింది. కూతురికి జ్వరమని తెలిసి ఆ తల్లి రాసిన మాటల దగ్గర అతను ఆగి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె పెన్ను పక్కన పెట్టి అతని చేతిమీద చెయ్యి వేసింది.

"తొందరేం లేదు, మెల్లగా చదవండి."

పుస్తకం వచ్చాక గ్రంథాలయం మేడమ్ స్వయంగా ప్రెస్సుకొచ్చింది. ఇంకో రెండు కట్టలున్నాయనీ, వాటినీ వీళ్లిద్దరే చూడాలనీ చెప్పింది. ఇప్పుడు ఆలుమగలిద్దరూ వాటి మీదే ఉన్నారు.