దాదా నేర్పిన ఓడ ఫ్రెంచి

కూర్మన్నపాలెంలో మేమున్న అపార్ట్‌మెంటు కింది వాటాలోని పెద్దాయన పోయారని మొన్న మంగళవారం వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. మేమిప్పుడుంటున్న డాకర్‌లో అప్పుడు పొద్దున్న ఏడు. పిల్లల లంచ్ బాక్సులు సర్దుతున్నాను. "నాన్న ఎల్లిపోనారక్కా. నిద్దర్లోనే. పిల్లలకి సెప్పమని అమ్మ అంది" అన్నాడు. మూత పెట్టని డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా ఇద్దరు కూతుళ్లూ ఈ పరాయి ఊళ్లో ధీమాగా బడికి వెళ్తున్నారంటే అది ఆయన చలవే.

పిల్లలు ఆయన్ని దాదా అనేవారు, ఆయన భార్యని దాదీ. రేవు దగ్గరి వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి. పెద్దవాళ్లయ్యాక కొడుక్కి అచ్యుతాపురంలో ఉద్యోగం దగ్గరవుతుందని కూర్మన్నపాలెం మారారు. రెండేళ్లు పొరుగున ఉన్నా ఆయన గురించి నాకు తెలిసింది ఒక్కటే. ఫిషింగ్ హార్బర్ నుంచి మంచి చేప తెస్తే మాకూ ఒక ముక్క పంపేవారు.

మావారికి సెనెగల్ దేశంలో, ఈ డాకర్‌లో ఉద్యోగం వచ్చి ముందుగా వెళ్లారు. అక్కడి బడిలో చదువంతా ఫ్రెంచిలోనే. ఐదు నెలల తర్వాత వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేస్తామని, అందులో తట్టుకోలేకపోతే మా పెద్దది హారికని రెండు తరగతులు కిందకి వేస్తామని బడివాళ్లు చెప్పారు. పదకొండేళ్లది, ఎప్పుడూ క్లాసు ఫస్టు. ఆ మాట విన్నాక దానికి అన్నం సయించలేదు. సీతమ్మధారలో ఉండే ఒక టీచరుగారితో ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టించాను. రాతలో వంక పెట్టడానికి ఉండేది కాదు. నోరు మాత్రం తెరిచేది కాదు. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. దాన్ని చూసి ఏడేళ్ల చిన్నదీ బిగుసుకుపోయేది.

ఓ సాయంత్రం హారిక మెట్ల మీద కూర్చుని పాఠం గొణుక్కుంటుంటే, కింది వాటాలోంచి ఎవరో ఫ్రెంచిలో జవాబు చెప్పారు. చూస్తే దాదా. దాదాపు ఇరవై ఏళ్లు ఫ్రెంచి కంపెనీ ఓడల్లో వంటవాడిగా పనిచేశారట.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం బాబాయ్?" అన్నాను.

"నువ్వు అడిగితే కదేటమ్మా!"

మొదటి రోజు ఆయన నేర్పింది అక్షరాలు కాదు, ఒక్క మాట. జ నే పా కొంప్రి. నాకు అర్థం కాలేదు అని. "ఇది నోట్లో ఉంటే ఏ ఊళ్లోనైనా దిగిపోవచ్చు బేటా. ఓడెక్కినప్పుడు నాకు ఇదొక్కటే వొచ్చు" అన్నారు. తర్వాత పాఠాలన్నీ వాళ్ల వంటింట్లోనే. పిల్లలు ఫ్రెంచిలో ఏది అడిగితే అదే అందించేవారు. చిన్నది ఉప్పు అడగబోయి సబ్బు అడిగింది. మారు మాట్లాడకుండా సబ్బు తెచ్చి కూర పక్కన పెట్టారు. ఆ మాట అది మళ్లీ తప్పలేదు.

నేను ఒక తప్పు చేశాను. ఓరోజు చిన్నది టీచరుగారికి దాదా మాటలు వినిపించింది. "ఇది రేవుల్లో మాట్లాడే ఫ్రెంచి. బళ్లో పిల్లలు నవ్వుతారు" అన్నారావిడ. భయపడి పిల్లల్ని కిందికి పంపడం మానేశాను. పది రోజులకి లిఫ్టు దగ్గర ఆయన ఎదురయ్యారు.

"పిల్లలకి ఒంట్లో బాగోలేదేటమ్మా?"

అబద్ధం ఆడలేకపోయాను. తల దించుకుని జరిగింది చెప్పాను. ఆయన "టీచరమ్మ నిజఁవే సెప్పింది. నాను సెవులతో నేర్సుకున్నాను. రాయడం, సదవడం నాకు రాదు" అన్నారు. మర్నాడు సాయంత్రం క్లాసు వేళకి మా గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో కొత్త నోటుబుక్కు, జేబులో కళ్లద్దాలు.

"నన్ను కూడా కూకోనిత్తారా?"

డెబ్బై దాటిన మనిషి నా కూతురి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దారు. గట్టిగా, సిగ్గు లేకుండా తప్పులు చేసేవారు. "టీచరమ్మా, ఈ అచ్చరం పలకరు కదా, మరి రాయడం ఎందుకు?" అంటే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయేవారు. ఆయన హోంవర్కు సరిచూసే పని హారికకి పడింది. ఓరోజు ఒకే మాట మూడుసార్లు తప్పు రాస్తే హారికకి ఒళ్లు మండి చడామడా తిట్టింది. అదంతా ఫ్రెంచిలో! తనకే తెలీదు. వంటింట్లోంచి పరుగున వచ్చిన నన్ను చూసి దాదా పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"తప్పు మాటాడినోడికి ఎవులో ఒకలు సరిసేత్తారు. మాటాడనోడికి ఎవులు సేత్తారు?" అని నాతో తర్వాత అన్నారు. నేనూ ఇక్కడి బజార్లో నోరు తెరుస్తున్నది ఆ మాట పట్టుకునే.

ఇంటర్వ్యూ రోజు ఆయన కెమెరాకి కనబడకుండా ఓ మూల కూర్చున్నారు. రెండో ప్రశ్నకే హారిక ఆగిపోయింది. ఆయన అందిస్తారేమోనని చూశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయారు. హారిక "జ నే పా కొంప్రి" అంది. అవతలి మేడమ్ నవ్వి, నెమ్మదిగా మళ్లీ అడిగారు. ఆ తర్వాత పావుగంట నా కూతురు ఆగలేదు. దాని తరగతి దానికి దక్కింది. ఆ కబురు విని టీచరుగారు ఫోన్ చేసి ముందు దాదాకి ఇమ్మన్నారు.

"నా గొప్పేటీ లేదమ్మా, దానికే వొచ్చు" అన్నారాయన.

ఆ మంగళవారం పిల్లలు బడి నుంచి వచ్చాక, దాదా పోయారని చెప్పాను. చిన్నది నా ఒళ్లో పడి ఏడ్చింది. హారిక గదిలోకి వెళ్లి ఓ పేజీ నిండా రాసుకొచ్చింది. మర్నాడు దాదీకి వీడియో కాల్ చేశాం. "ఫ్రెంచిలో రాశాను దాదీ, తెలుగులో చెప్తాను" అంది.

"వొద్దు బేటా. రాసింది రాసినట్టే సదువు. ఇంట్లో మీ దాదా ఆ మాటలు ఇనబడి రెండు రోజులైంది."

హారిక చదివింది. ఫోను తెరలో దాదీ తల మీద కొంగు సర్దుకుని, కళ్లు మూసుకుని, ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టారు. కాగితం అయిపోయింది. ఆవిడ కళ్లు తెరవలేదు. హారిక మళ్లీ మొదటి వాక్యం నుంచి చదవసాగింది.