దువ్వెన చేపకు తోడు

సీతారామాంజనేయులు రెండో పెళ్ళాం గురించి తెనాలి గంగానమ్మపేటలో ఒక మాట చాలాకాలం నడిచింది. కాపురానికొచ్చి మూణ్ణెల్లు తిరక్కుండానే, పోయిన మొదటి పెళ్ళాం తులసి గుర్తులన్నీ తుడిచిపెట్టిందనీ, మంచాలూ బీరువా తిప్పేసిందనీ, తులసి తల్లి ఆదిలక్ష్మి పడకను వంటింట్లోంచి తీయించేసిందనీ చెప్పుకునేవారు. ఎదురింటి పుల్లమ్మ తన కళ్ళతో చూశానని ఒట్టేసేది.

"రేపల్లె నీళ్ళు తాగి పెరిగింది. ఆ మాత్రం ఉప్పు ఉండదేంటి?" అనేది.

పుల్లమ్మ చూసింది అబద్ధం కాదు. ఆ రోజు ఆ ఇంట్లో డబ్బాలూ పెట్టెలూ వీధరుగు మీదికొచ్చిన మాట నిజం.

ప్రమీలారాణి రేపల్లెలో అన్నల పంచన, ముగ్గురు వదినల మధ్య పెరిగింది. మాట పడకముందే మనసు కనిపెట్టడం అక్కడే నేర్చింది. తెనాలి వచ్చినప్పుడు ఆదిలక్ష్మిని అమ్మా అని పిలవమన్నారు పెద్దలు. రెండో భార్య మొదటామె తల్లికి కూతురి లెక్క. ప్రమీల మాత్రం ఆ పిలుపు తులసిదనుకుని పిన్నిగారూ అంది. ఆ ఒక్క సంగతే ఆదిలక్ష్మికి నచ్చింది.

మిగతావేవీ నచ్చలేదు. తులసి పసుపు డబ్బాను పై గూట్లో పెట్టేది. ప్రమీల పొయ్యి దగ్గర పెడితే, ఆమె పెరట్లోకి వెళ్ళిన తరుణం చూసి ఆదిలక్ష్మి మళ్ళీ గూట్లోకి చేర్చేది. ఇది సాధింపేనని ఆమెకూ తెలుసు. తెలిసీ చెయ్యి ఊరుకునేది కాదు. భర్త పోయి కూతురింటికి చేరిన మనిషి. ఇప్పుడు కూతురూ లేదు. ఈ ఇంట్లో తనెవరు? పొమ్మనకముందే పోతే మర్యాద. పోతే బాపట్లలో తమ్ముడి కొడుకింటి వరండా తప్ప మరో చోటు లేదు. ఆమెకు పొద్దస్తమానం అదే ఆలోచన. అల్లుడు పొద్దున్నే బాపట్ల రైలెక్కి ఆఫీసుకు పోయి దీపాలవేళకు వచ్చేవాడు. ఇవేవీ ఆయన చెవిన పడేవి కావు.

ముందుగదిలో తులసి చేపల పెట్టె ఉండేది. అద్దాల కొట్టు నాగుల్ మీరా ఇనప చట్రానికి అద్దాలు బిగించి, లప్పం పూసి చేసిచ్చాడు. తులసి రేపల్లె నుంచి బిందెలో తెచ్చుకున్న దువ్వెన చేపల జంటలో ఒకటి ఎప్పుడో చచ్చింది. మిగిలింది అరచేయంత ఉండేది. పచ్చటి ఒళ్ళు, దాని మీద ముత్యాలు చల్లినట్టు చుక్కలు. ఆదిలక్ష్మి రోజూ దానికి మెతుకులు వేసేది.

దాన్ని అలా ఒంటరిగా చూడలేక ప్రమీల తోడు పెట్టాలనుకుంది. చిన్నవాటి జోలికి పోదనుకుని పరిగెలు తెప్పించింది. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. తన జాతిదైతే కలుపుకుంటుందని మరో దువ్వెనను తెప్పించింది. అది రెక్కలు చీలికలై నీళ్ళ మీద తేలింది.

"దానికి తోడొద్దమ్మాయ్. అది దాని ఇల్లు. ఇంకోళ్ళని ఉండనివ్వదు," అంది ఆదిలక్ష్మి.

చేప సంగతే అంది. అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

రెండుసార్లూ తన ఎంపికే తప్పని ప్రమీల ఒప్పుకుంది. చిన్నది మేతైంది. సాటిది పోటీ అయింది. నోట పట్టనంత పెద్దదీ, దాని దారికి అడ్డం రానిదీ కావాలి. దువ్వెన నీళ్ళ నడుమ తిరుగుతుంది గనక అడుగున ఇసకలో తిరిగే జెల్లను తెచ్చింది. దువ్వెన దాన్నీ తరిమింది. ప్రమీల జెల్లను బేసిన్లోకి తీసి, జరిగిందంతా నెమరేసుకుంది. దువ్వెన ప్రతిసారీ అడుగునున్న ఒకే కుండపెంకు వెనక నుంచి దూకింది. ఆ పెంకుకు దూరమైతే దానికే బెరుకు.

మర్నాడు దువ్వెనను బకెట్లోకి మార్చింది. పెంకులూ రాళ్ళూ అన్నీ పైకి తీసింది. ఒక్కటీ పాతచోట పడకుండా పేర్చి, రెండు చేపల్నీ ఒకేసారి వదిలింది. దువ్వెన తన పెంకు కోసం తిరిగింది. జెల్ల కూడా చోటు కోసం తిరిగింది. కాసేపు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. సాయంత్రానికి జెల్ల పెంకు కింద, దువ్వెన రాతి పక్కన సర్దుకున్నాయి. కూతురు పేర్చిన రాళ్ళు కదిలిపోయాయని ఆదిలక్ష్మికి కళ్ళు చెమర్చాయి. కానీ రోజులు గడిచినా రెండిటి రెక్కలూ నిండుగానే ఉన్నాయి. అదీ చూసింది.

అయినా ఆ వారంలోనే మూట కట్టుకుంది. ప్రమీల ఆ మూటను చూసి పక్కన కూర్చుంది.

"బాపట్ల వెళ్తారా పిన్నిగారూ?"

"ఎవరి చోటు వాళ్ళకుండాలిగా."

"ఇక్కడ పసుపు డబ్బాకే చోటు తేలలేదండి. అన్నీ బయట పెడదాం. ఇద్దరం కలిసి మళ్ళీ సర్దుదాం. అంతకుముందు ఏది ఎక్కడుండేదో మీరు చెప్పొద్దు, మా వదినలు ఎక్కడ పెట్టేవారో నేనూ చెప్పను."

ఆదిలక్ష్మి ఆమె వంక తేరిపార చూసింది. "నన్ను చేపను చేశావన్నమాట."

"మనిద్దర్లో దువ్వెన ఎవరో ఇంకా తేలలేదు కదండీ."

ఆదిలక్ష్మికి నవ్వొచ్చింది. తులసి పోయాక ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు.

పసుపు డబ్బా కిటికీ పక్కకి చేరింది. అది ఇద్దరిలో ఎవరి పాతచోటూ కాదు. వంటింట్లో పొగకు దగ్గుతూ పడుకునే ఆదిలక్ష్మికి ముందుగదిలో, చేపల పెట్టె పక్కన పడక పడింది. ఆమె బాపట్ల వెళ్ళలేదు. ఆఖరిదాకా ఆ ఇంట్లోనే ఉంది. ఎవరైనా వచ్చి ప్రమీలను దెప్పబోతే, వాళ్ళకు జెల్లను చూపించి కథంతా చెప్పేది.

ప్రమీల డబ్బాలు అరుగు మీదికి చేరవేయడం పుల్లమ్మ చూసింది. ఆ తర్వాత మంచాలూ బీరువా మారి ఉండడమూ చూసింది. లోపల వాటిని జరుపుతుండగా మాత్రం చూడలేదు. బీరువాకు ఒక పక్క ప్రమీల పట్టుకుంటే, రెండో పక్క ఆదిలక్ష్మి పట్టుకుంది.