మగ్గాల గొంతుతో స్కోరు

గోల్ఫ్ మ్యాచ్ ప్లేలో మొత్తం ఎన్ని దెబ్బలు కొట్టారన్నది ఎవరికీ పట్టదు. ఎవరు ఎన్ని హోల్స్ గెలిచారన్నదే లెక్క. ఒక్కో హోల్ ముగియగానే రెఫరీ స్కోరు పైకి చెప్పి, దాన్నే వాకీటాకీలో ఆఫీసుకు చేరవేయాలి. ఒకరు ఒక హోల్ ముందుంటే "వన్ అప్", సమానమైతే "ఆల్ స్క్వేర్". ఈ రెండు ముక్కల కోసం నాకు నిద్ర కరువైంది.

పుణెలో రెఫరీగా నా మొదటి మ్యాచ్‌కు ముందు సోలాపూర్‌లోని మా ఇంట్లో సాధన చేశాను. గోడ అవతల పవర్‌లూమ్‌లు చద్దర్లు నేస్తున్నాయి.

"వినబడ్తలేదు బిడ్డా, జోర్‌సె చెప్పు," అంది బీడీలు చుడుతున్న అమ్మ. ఆమె తలూపేదాకా గొంతు పెంచాను.

మైదానంలో మొదటి హోల్ ముగిసింది. అందరూ నా వైపు తిరిగారు. ఎక్కడా చప్పుడు లేదు. మా ఇళ్లలో అంత నిశ్శబ్దం మగ్గాలు ఉన్నట్టుండి ఆగితేనే వస్తుంది. నాన్న వేళ్లు మగ్గంలో పడ్డ రోజు కూడా అలాగే వచ్చింది.

"వన్ అప్" అని అరిచాను.

పక్క హోల్ పచ్చిక మీద బంతిని గుంతలోకి నెట్టబోతున్న ఆటగాడు ఉలిక్కిపడ్డాడు. బంతి ఎటో పోయింది. అతను చూసిన చూపుకు వాకీటాకీ నొక్కడానికి నాకు వేలు రాలేదు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పబోతుండగా ఆమె వెనక మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"అమ్మా, ఎవరికేమైంది?" అని అరిచాను.

"లైట్ పోయిందే. ఏం సప్పుడు లేదు గదా, ఎందుకట్ల ఒర్లుతవ్?"