కొత్త తలగుడ్డ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సులో వెళ్తున్నాను. పక్కనున్న ముసలి రైతు ఒళ్లో కొత్త తలగుడ్డ ఉంది.

"పెళ్లికా, పెద్దాయనా?" అన్నాను.

"కాదప్పా. మా సుబ్బన్న పోయినాడు. ముప్పై ఏండ్లు ఆలుమగల మాదిరే బతికినాం, ఊరికంతా తెలుసు. నిన్న దినాల్లో ఆయప్ప తమ్ముండ్లకు తలగుడ్డలు కట్టినారు. నాకు కట్టల్యా. చుట్టం కాదంట."

చావింటి మగవాళ్లకు చుట్టాలు కొత్త తలగుడ్డ కట్టడం అక్కడి ఆచారమట.

"నేనే కొనుక్కున్యా. మనది మనం కట్టుకోకూడదు. నువ్వు కట్టప్పా, ఇట్నే ఊర్లోకి పోతా."

బస్సు కుదుపుల్లోనే కట్టాను. కొస దోపేదాకా కళ్లు మూసుకునే ఉన్నాడు. తన ఊరి దగ్గర తలెత్తుకుని దిగాడు.

రాజమండ్రిలో నాకూ ఒకడున్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. మాలో ఎవరు ముందు పోయినా, రెండోవాడు ఇలాగే ఏ బస్సులోనో పక్కవాణ్ణి బతిమాలుకోవాలి.