సూస్తున్న, ఎక్కు

వెనక గది అవ్వ పోయింది. కోదాడలో బడి అయిపోయి సూర్యాపేట బస్సులో కూర్చున్నానో లేదో ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయిందన్నారట. నా నోటినుంచి మొదట వచ్చిన మాట, "మరి పాప ఎవరి దగ్గరుంది?" అవ్వ ఉన్నంతకాలం ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి గుర్తొచ్చాకే బస్సులో ఏడుపొచ్చింది.

ఆమె మాకు చుట్టం కాదు. మేం కిరాయికుండే ఇంటి వాకిట్లోనే వెనక గదిలో ఒక్కతే ఉండేది. సొంతూరు పాలకీడు. మా ఆయనకు దామరచర్ల ప్లాంటులో పని, వారానికోసారి వస్తాడు. నేనేమో టీచర్ని, పొద్దున్నే కోదాడ బస్సు పట్టుకోవాలి. నర్సరీ నుంచి మధ్యాహ్నానికే వచ్చేసే మా చిన్నది నేను వచ్చేదాకా అవ్వ దగ్గరే ఉండేది.

మా చిన్నదానికి సరిగ్గా నడక రాకముందే ఎక్కడం వచ్చింది. కిటికీ ఊచలు, నీళ్ల డ్రమ్ము, బీరువా, వాకిట్లో ఆపిన బండి, దేన్నీ వదలదు. మా అమ్మ కోదాడ నుంచి వచ్చినప్పుడల్లా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇంట్లో తిరిగేది. "పడతావే, దిగు!" అని కేక పెట్టేది. ఆ కేకకు ఉలిక్కిపడి పిల్ల చేయి జారేది. నేనూ ఆ తల్లి కూతుర్నే కదా, నా నోటా అదే మాట.

అవ్వ నోట ఆ మాట నేను వినలేదు. వాకిట్లో జామచెట్టు ఉంది. పొద్దున్నే దాని కొమ్మలు ఒక్కొక్కటీ పట్టి ఊపి చూసేది. ఎండినదేదైనా ఉంటే విరిచి పొయ్యిలో పెట్టేది. కింద గాజుపెంకులు ఏరిపారేసి, ఊరినుంచి వచ్చేవాళ్లతో తెప్పించిన వరిగడ్డి మందంగా పరిచేది. వానపడి బెరడు తడిస్తే ఆరోజు చెట్టు బంద్. గోడ పక్కనున్న మునగచెట్టు మాత్రం ఎప్పటికీ బంద్, దాని కొమ్మ ఎప్పుడు పుటుక్కుమంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి. ఇంకొకటి, ఏ పిల్లనూ ఎత్తి కొమ్మమీద కూర్చోబెట్టేది కాదు. వాడలోని పిల్లలంతా చేతులు చాపి ఎంత గునిసినా సరే. "నువ్వు ఎక్కినంతే నీ చెట్టు" అనేది.

అన్నిటికంటే పెద్ద కట్టడి ఇంకొకటి ఉండేది. చెట్టుమీద చేయివేసి "అవ్వా, సూస్తున్నవా?" అని అడగాలి. "సూస్తున్న, ఎక్కు" అని జవాబొచ్చేదాకా కాలు లేవకూడదు. ఆ టైముకు అవ్వ చాటలో బియ్యం ఏరుతూ ఉంటే, "ఆగు, సూస్తలేను" అని ఉన్నమాట చెప్పేసేది. చాట పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అప్పుడు పిలిచేది. పిల్ల కిందికి దిగేదాకా ఆ చేతులు మళ్లీ పనిలోకి పోయేవి కావు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, ఈ ముసలామెకు ఇదేం చాదస్తమని. మనమైతే ఫోన్లో తలదూర్చి "ఆఁ, చూస్తున్నా" అనేస్తాం. పిల్లలకు తెలియదనుకుంటాం కూడా.

అంత చేసినా ఒకరోజు పిల్ల పడింది. ముంజేతి ఎముక విరిగింది. నేను దవాఖానకు చేరేసరికి కట్టు కట్టి మంచంమీద పడుకోబెట్టారు. మా ఆయన మిర్యాలగూడ మనిషి, కోపం ముక్కుమీదే ఉంటుంది. దామరచర్ల నుంచి బండిమీద వచ్చినవాడు వచ్చినట్టే అందరిముందూ అవ్వను కడిగేశాడు. కండ్లు కనపడని ముసలిదాన్ని నమ్ముకుంటే గిట్లనే అయితదన్నాడు. అవ్వ అంతా విన్నది. "కండ్లు కనపడ్తయ్ కొడుకా. సూస్తనే ఉన్న. కాలు జారింది. జిమ్మేదారి నాదే" అన్నది.

ఆయన మందులకోసం కిందికి పోయాక, బయట బెంచీమీద నా పక్కన కూర్చుని, అడగకుండానే చెప్పింది.

"నాకొక కొడుకుండె బిడ్డా. గీ పిల్ల లెక్కనే, కాలు నిలువకపోవు. చెట్టెక్కొద్దంటి, గోడెక్కొద్దంటి, కాల్వ దిక్కు పోవద్దంటి. వాడు ఏదీ మానలే. నాకు చెప్పుడు మానిండు. కాల్వ ఒడ్డుమీద వాని చెప్పులున్నయని ఎవరో వచ్చి చెప్తే ఉరికిన."

కొంగుతో ముక్కు తుడుచుకుని, పిల్లకు ఆకలైతదేమో సూడు పో అన్నది.

కట్టు విప్పాక పిల్లను కొన్నాళ్లు కోదాడలో మా అమ్మ దగ్గర ఉంచాం. జామచెట్టు కొట్టించమని మా ఆయన ఓనరమ్మకు ఫోన్‌మీద ఫోన్. నేనూ అడ్డం చెప్పలేదు, భయం నాకూ ఉంది. ఒక మధ్యాహ్నం బడినుంచి తొందరగా అమ్మ వాళ్లింటికి పోయి చూస్తే అమ్మ నిద్రపోతోంది, పిల్ల ఇంట్లో లేదు. మేడమీదికి పోయాను. పిట్టగోడమీద నడుస్తోంది. చప్పుడు చేయకుండా, ఎవరినీ పిలవకుండా, పెదవులు బిగించి. నన్ను చూడగానే లోపలివైపు దూకి, "నేనేం ఎక్కలేదు" అన్నది. నాకు తెలిసి అదే దాని మొదటి అబద్ధం. పాలకీడు కాలువ ఒడ్డున చెప్పులు ఎవరో నా కళ్లముందు పెట్టినట్టయింది. తెల్లారే పిల్లను సూర్యాపేట తీసుకొచ్చి అవ్వకు అప్పగించాను. చెట్టు ఉంటుంది, కొట్టించేదిలేదని మా ఆయనకు గట్టిగానే చెప్పాను. అవ్వ పిల్లను ఎగాదిగా చూసి, "ఏమే కోతీ, చెయ్యి మంచిగైందా?" అని, కొత్త గడ్డి పరచడానికి లేచింది.

అవ్వను పాలకీడులోనే మట్టి చేశాం. పాడె పట్టినవాళ్లలో మా ఆయన కూడా ఉన్నాడు. అవ్వ కొడుకు సంగతి ఆయనకు అప్పటికే చెప్పి ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడు కాలువ వంతెనమీద బండి ఆపి, కాసేపు నీళ్లవైపు చూసి, మళ్లీ స్టార్ట్ చేశాడు.

ఇప్పుడు వెనక గదికి తాళం ఉంది. మధ్యాహ్నాలు పిల్ల ఓనరమ్మ దగ్గర టీవీ చూస్తోంది. పడదు, దెబ్బ తగలదు, నిజమే. సాయంత్రం నేను వచ్చేసరికి దాని మొహం చూస్తే నాకే గుబులుగా ఉంటుంది. అడిగినదానికి తప్ప మాట్లాడదు.

మొన్న ఆదివారం పొద్దుగూకేవేళ వంటింట్లో పప్పు కలుపుతున్నాను. చెట్టుకింద గడ్డి అప్పటికే నల్లబడింది. పిల్ల వచ్చి జామచెట్టుమీద చేయివేసింది. తాళం వేసిన తలుపువైపు తిరిగి, "అవ్వా, సూస్తున్నవా?" అని అడిగింది. జవాబు కోసం ఆగింది. మళ్లీ అడిగింది. నేను కిటికీలోంచే "ఆఁ, చూస్తున్నా, ఎక్కు" అన్నాను.

నావైపు తిరిగి చూసింది. "నువ్వు సూస్తలేవమ్మా. నీ చేతిల గంటె ఉన్నది" అన్నది.

పొయ్యి ఆపేశాను. గంటె అక్కడే పెట్టి, చేతులు తుడుచుకుని, అవ్వ కూర్చునే బండమీద పోయి కూర్చున్నాను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. పిల్ల నా చేతులవైపు చూసింది, తర్వాత నా మొహంవైపు చూసి, "సూస్తున్నవా?" అని అడిగింది. కళ్లనిండా నీళ్లు నాకు, కొమ్మేదో ఆకేదో తెలియడంలేదు.

"ఆగు బిడ్డా," అన్నాను, "సూస్తలేను."

పిల్ల ఆగింది. నేను కళ్లు తుడుచుకునేదాకా, చెట్టుమీద చేయి తియ్యకుండా, అట్లాగే నిలబడింది.