నాలుగు ఖానాల బోర్డు

మా బాపు మోటారు వైండింగ్ చేసేవాడు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందు కాలిపోయిన బోరు మోటార్ల కుప్ప, లోపల రాగి తీగ చుట్టలు. నాకు ఆ షెడ్డంటే చిరాకు. డిగ్రీ అయ్యి దూలపల్లిలో మందుల కంపెనీ గోదాములో పనికి కుదిరాక నేను మొదట కోరుకున్నది, ఆ షెడ్డు వాసన అంటని ఒక వస్తువు. గేములు ఆడుకునే కంప్యూటర్.

ఒకరోజు ఫోన్‌లో కార్ల గేము వీడియో చూస్తుంటే బాపు నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"గిండ్ల లారీలుంటయా?"

"లారీలయే వేరే గేములున్నయి బాపు."

పెళ్లికి ముందు బాపు రెండేళ్లు లారీ మీద క్లీనరుగా తిరిగాడు. స్టీరింగ్ మాత్రం ఒక్కరోజు కూడా ఎవరూ ఇవ్వలేదట. ఆ సంగతి నవ్వుతూనే చెప్పేవాడు గానీ, రోడ్డు మీద లారీ పోతుంటే చేతిలో పని ఆపి, అది మలుపు తిరిగేదాకా చూసేవాడు.

"కంప్యూటర్ రానియ్, మొదటి బండి నువ్వే తోలాలె," అన్నాను. బాపు మొహం వెలిగిపోయింది. సరదాకి అన్న మాట కాదది, నిజంగానే మాటిచ్చాను.

ఒకేసారి కొనే తాహతు లేదు కాబట్టి నెలకు కొన్ని సామాన్ల చొప్పున కొందామనుకున్నాను. రెండు వేల పన్నెండు వానాకాలంలో, ముందుగా మదర్‌బోర్డు, మెమరీ తేవడానికి సికింద్రాబాద్ బయలుదేరితే బాపు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడు. నాకు లోపల్లోపల నామోషీగానే ఉంది.

షాపతను రెండు బోర్డులు ముందు పెట్టాడు. ఒకదాంట్లో మెమరీకి రెండు స్లాట్లు, ఇంకోదాంట్లో నాలుగు. "గేములకు రెండు చాలు భయ్యా," అన్నాడు. నెలరోజులు ఇంటర్నెట్‌లో చదివి చదివి అన్నీ తెలుసనుకున్నవాణ్ణి, తీరా అక్కడికెళ్లాక ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాను. బాపు రెండు బోర్డులనూ ట్యూబులైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాలుగు ఖానాలున్నది తీస్కో బిడ్డా. బోరు మోటర్ గూడ ఇయ్యాల్టి నీళ్లు జూసి పెట్టం. రేపు నీళ్లు కిందికి వోతయి."

షాపతను నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. అయినా అదే తీసుకున్నాను. మెమరీ దగ్గర మాత్రం నా తెలివి చూపించాను. ఒకే పెద్దది కాకుండా ఒకే రకానివి రెండు వేస్తే, అవి జతగా పని చేసి కంప్యూటర్ ఇంకా జోరుగా నడుస్తుందని బాపుకు చెప్పాను. "జోడెడ్ల లెక్కన," అని తలూపాడు. తిరుగు బస్సులో సీటు దొరికినా సంచి కింద పెట్టలేదు. శామీర్‌పేట దాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

దసరా వచ్చింది. పండుగనాడు నేను దోస్తులతో కీసర పోయాను. తర్వాతి నెల మిగతా సామాన్లూ వచ్చాయి. అట్టపెట్టెలోంచి బోర్డు తీసి అన్నీ బిగించి స్విచ్చు వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద ఏమీ రాలేదు. బీప్ బీప్ మని ఒకటే మోత. మెమరీ ఊడదీసి స్లాట్లలోకి టార్చి కొట్టి చూస్తే ఒకదాంట్లో లోపలంతా ఎర్రగా, గట్టిగా ఏదో పేరుకుని ఉంది. కుంకుమ!

నాకు కోపమొస్తే ముందూ వెనకా చూసుకోను. "తెల్వని దాంట్ల చెయ్యెందుకు వెడ్తవ్? ఇది నీ తుప్పు వట్టిన మోటర్ అనుకున్నవా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

బాపు తన వేలి వంక చూసుకున్నాడు. "సామాన్లకు వెట్టినట్టే వెట్టిన బిడ్డా," అన్నాడు, అంతే.

ఆయన షెడ్డుకు వెళ్లాక అమ్మ అసలు సంగతి చెప్పింది. దసరా నాడు పనిముట్లన్నీ కడిగి వరుసగా పేర్చి, ఎప్పటిలాగే తడి కుంకుమ బొట్లు పెడుతూ, బాపు ఆగి లోపలికొచ్చి నా పెట్టెలోంచి బోర్డు తీసుకెళ్లాడట. "నీది గూడ పనిముట్టే అని పానాకు, మీటర్‌కు నడుమ వెట్టిండు," అంది.

మర్నాడు బోర్డును మేడ్చల్‌లో రిపేరు చేసే అతని దగ్గరికి తీసుకెళ్లాను. బ్రష్షుతో ఎంత దులిపినా ఆ స్లాటు బాగుపడలేదు. మెమరీ జతను పక్క రెండు స్లాట్లలోకి మార్చాడు. తెర వెలిగింది.

"నాలుగున్నయి గాబట్టి బతికిపోయినవ్ భాయ్. రెండే ఉంటే ఈ జత నడవకపోతుండె. నాలుగు ఖానాలది తీస్కొమ్మని ఎవరు జెప్పిన్రు? హుషార్ ఆద్మీ."

"నేనే తీసుకున్న," అన్నాను.

ఆ అబద్ధం ఎందుకాడానో ఇప్పటికీ తెలియదు. దారి పొడవునా బాపుకు చెప్పాలనుకుంటూనే వచ్చాను. నువ్వు చెప్పిన బోర్డే నిలబెట్టింది బాపు, అనాలి. అంతే కదా, నాలుగు మాటలు. ఇంటికొచ్చి "బాగైంది," అని మాత్రం అన్నాను.

లారీ గేము ఎక్కించి కుర్చీ జరిపాను. "రా బాపు, తోలు."

"వద్దు బిడ్డా. నా చెయ్యి తగిల్తే మళ్ల ఏదన్న ఖరాబైతది."

అది అలక కాదు. అలిగితే బతిమాలుకునేవాణ్ణి. నిజంగానే భయపడ్డాడు. కాలిన మోటార్లకు ప్రాణం పోసే చేతుల్ని వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా అదే మాట. నేను ఆడుతుంటే చాయ్ గ్లాసుతో గుమ్మం దగ్గరికొచ్చేవాడు. లారీ వెనక్కి తీస్తుంటే తలుపు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టి, "రానీ, రానీ, లెఫ్ట్ గొట్టు," అనేవాడు. నా ఆటలో కూడా ఆయన్ని క్లీనరుగానే ఉంచాను.

రెండు వేల పద్నాలుగు ఎండాకాలంలో బాపు పోయాడు. లారీ ఆట మళ్లీ ఆడలేకపోయాను. వెనక్కి తీసేటప్పుడు ఆ తలుపు చప్పుడు కోసం చెవి అటే పోతుంది.

కంప్యూటర్ పాతబడ్డాక బోర్డు ఊడదీసి దాచాను. దసరాకు బాపు సామాన్లన్నీ కడిగి ఆయన పెట్టిన వరుసలోనే పెడతాను. పానాకూ మీటరుకూ నడుమ ఆ బోర్డు. అన్నిటికీ కుంకుమ పెడతాను. బోర్డుకు మాత్రం పెట్టను. దానికి బాపు పెట్టింది ఉంది.