చెరిపేసిన వాక్యం

ఐటీ ఉద్యోగాలకు మనవాళ్లు జోరుగా సింగపూర్ వస్తున్న రోజులవి. సెంగ్‌కాంగ్ వెళ్లే రైల్లో నా ఎదురుగా ఒక తెలుగాయన కూతురి స్కూలు వ్యాసం దిద్దుతున్నాడు.

“తాతయ్య పోయిన రోజు ఆకలేసిందని రాస్తే మార్కులు రావమ్మా. కన్నీళ్లు వరదలయ్యాయని రాయి. టీచర్ ఇచ్చిన ఫ్రేజే కదా.”

“నేను ఏడవలేదు కదా నాన్నా. హంగ్రీ ఓన్లీ లా,” అంది పాప సింగపూర్ ఇంగ్లీషు యాసలో.

“మార్కుల కోసం ఏడువు తల్లీ.”

పాప నవ్వి, తన వాక్యం చెరిపేసి టీచర్ ఇచ్చినదే రాసింది. ఆయన రబ్బరు పొడి దులుపుతూ ఆగాడు.

“ఆ రోజు నీకెవరూ అన్నం పెట్టలేదా?”

“నోబడీ ఆస్క్.”



ఏళ్ల తర్వాత, నా భార్య పోయిన రోజు మధ్యాహ్నం నాకు ఆకలేసింది. వచ్చినవాళ్లు ఏవేవో మంచి మాటలు చెబుతున్నారు. నాకు ఆ పాప చెరిపేసిన వాక్యమే గుర్తొచ్చింది.